మా వదిన పేషెంటైన రోజు

మా వదిన పోయింది. ఆదివారం పొద్దున్నే అరసవల్లి గుడికి వెళ్ళి వస్తుంటే, పక్కింటి కోడలు వీధి మొదట్లోనే ఎదురొచ్చి "అత్తా, బేగి రా" అంది. ఆ మాటతోనే నాకు అర్థమైపోయింది. చేతిలో ఉన్న ప్రసాదం వదినకోసం తెచ్చిందే.

నేను హైస్కూలుతో చదువు ఆపేసినదాన్ని. రాయడం అలవాటు లేదు. అయినా ఇప్పుడు కలం పట్టాను. ఇంట్లో ఏం జరిగినా వదినకే చెప్పుకునేదాన్ని. ఆవిడ పోయిందన్న సంగతి కూడా ఆవిడకే చెప్పాలనిపిస్తోంది. ఆవిడ లేదు కనుక మీకు చెబుతున్నాను.

ఆవిడ మా ఆయనకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరయ్యాక మా ఇంటికి వచ్చేసింది. ఆయన పోయాక ఆవిడా, నేనూ, నా కూతురూ మిగిలాం. వదిన బయటినుంచి వస్తే మోచేతులదాకా సబ్బుతో కడుక్కుంటే గాని తీర్థం కూడా పట్టేది కాదు. నేను తొందరపెడితే "సామి ఎక్కడికీ ఎల్లిపోడే, సేతులు కడుక్కోనీ" అనేది. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఆసుపత్రిలో ఆవిడ చేసిన సేవ గురించే చెప్పారు. మా ఇంట్లో చేసింది ఎవరికీ తెలియదు.

కరోనా వచ్చిన ఏడాది నా కూతురు విజయనగరంలో నర్సింగులో చేరి ఉంది. కాలేజీ మూసేసి పిల్లల్ని ఇళ్ళకు పంపేశారు. పాఠాలన్నీ ఫోనులోకి వచ్చాయి. దానిది తెలుగు మీడియం. మేడమ్ ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పేది, సరైన జవాబే. కానీ మైకు ఆపేసి చెప్పేది. ఓసారి మైకు తెరిచి "ఏటి మేడమ్?" అంటే ఎవరో కిసుక్కున నవ్వారట. అప్పటినుంచి దాని జవాబులు మా గదిలో మాకు మాత్రమే వినిపించేవి.

ఒకరోజు, రోగి మంచం మీద ఉండగానే దుప్పటి ఎలా మార్చాలో ఒక్కొక్కరినీ ఫోనులో చేసి చూపించమన్నారు. చేస్తూ నోటితో చెప్పాలి కూడా.

"ఈపాలి కూడా నోరు పెగలకపోతే మానేస్తానమ్మా. నాకీ సదువు రాదు" అంది నా కూతురు. అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. నేను స్వామికి దండం పెట్టుకున్నాను. వదిన మాత్రం తలగడ తెచ్చుకుని మంచమెక్కి రోగిలా పడుకుంది.

సిగ్నలు కిటికీ దగ్గరే అందుతుంది. ఫోను అక్కడ నిలబెట్టి మంచం తిప్పితే వదిన తల ఉత్తరానికి వచ్చింది. నా ప్రాణం ఒప్పలేదు. "వదినా, అటు తల పెట్టకూడదు" అన్నాను మెల్లగా.

"ఓలమ్మా! యముడొస్తే గుమ్మంలో కూకోమను. మన గుంట పరీక్ష అయ్యాక నానొస్తానని సెప్పు."

దాని వంతు వచ్చింది. మైకు తెరిచింది. చేతులు కదులుతున్నాయి గాని బట్టీ పట్టిన ఇంగ్లీషు మొదటి వాక్యంలోనే ఆగిపోయింది. మేడమ్ పేరు పెట్టి పిలిచింది, మళ్ళీ పిలిచింది. నేను తలుపు పక్కన నిలబడ్డాను.

అప్పుడు మంచం మీంచి వదిన మూలిగింది. "ఏటి సేస్తన్నావమ్మా నన్ను? పడిపోతానేటి?"

అది ఉలిక్కిపడి వంగింది. సొంత మేనత్త అన్న సంగతే మరిచిపోయింది. "పడవు మామ్మా, నాను పట్టుకున్నాను కదా. ఇటు తిరుగు. పాత దుప్పటి సుట్టి నీ ఈపు కాడ పెడతన్నాను. ముడతలుంటే పుండు పడతాది, అందుకే బిగించి లాగతన్నాను."

"ముసిల్దాన్నే, మెల్లగా!" అని వదిన సాధిస్తూనే ఉంది. అది సర్ది చెబుతూనే ఉంది. దుప్పటి మారిపోయింది.

ఫోనులోంచి మేడమ్ తెలుగులోనే, "పేషెంటుకి చెప్పినట్టే నాకూ చెప్పమ్మా. ఇంగ్లీషు మాటలు మెల్లగా నేర్చుకుందాం" అంది. నా కూతురు ఏడ్చేసింది.

వదిన లేచి జుట్టు ముడి వేసుకుంటూ, "ఫోనుతో మాటాడితే బయమేస్తాది. మంచం మీద మనిసితో మాటాడు" అంది. ఆ తర్వాత పాఠానికో రోగం తెచ్చుకునేది. ఒకరోజు కాలు విరిగేది, మర్నాడు పురిటి నొప్పులొచ్చేవి. ఆ నెలల్లో మా ఇంట్లో ఉన్నంత నవ్వు మళ్ళీ ఎప్పుడూ లేదు. నా కూతురు కాలేజీ మానలేదు. ఇప్పుడు విశాఖపట్నంలో నర్సు.

దినాలయ్యాక అది డ్యూటీకి బయలుదేరితే బస్సెక్కించడానికి శ్రీకాకుళం కాంప్లెక్సుకు వెళ్ళాను. కిటికీ పక్క సీటు దొరికింది. దాని పక్కన ఎవరో పెద్దావిడ ఆయాసపడుతోంది. నా కూతురు ఆవిడ మణికట్టు పట్టుకుని, ముఖంలోకి వంగి ఏదో చెబుతోంది. అద్దం మూసి ఉంది, నాకు వినబడలేదు. ఆవిడ తలూపుతోంది. బస్సు కదిలింది. నా కూతురు నావైపు చూడటం మరిచిపోయింది. ఊపుదామని ఎత్తిన చెయ్యి దించుకుని, ఆటో ఎక్కకుండా నడిచి ఇంటికి వచ్చాను. లోపలినుంచి తలుపు తీసేవాళ్ళు లేరు కదా, తాళంచెవి కోసం సంచి వెతుక్కుంటూ చాలాసేపు గుమ్మంలో నిలబడ్డాను.

ఈ కాగితాలు దేవుడి గూట్లో పెడుతున్నాను. తన గురించి నలుగురిలో చెబితే వదిన ఒప్పేది కాదు. మీ చేతికి వస్తే చదివి, మడత పెట్టి అక్కడే ఉంచండి. ఎవరికీ చూపించకండి.