చీటీల పిల్ల

నరసరావుపేట నర్సింగ్ హాస్టల్లో నాకో జూనియర్ ఉండేది. మిలిటరీ నర్సు అవుతానని ఆమె పట్టు. గురజాలలో వాళ్ళమ్మ మాత్రం ససేమిరా అంటోంది. ఆర్మీయా, నేవీయా, ఎయిర్‌ఫోర్సా తేల్చుకోలేక రోజూ ప్రార్థన చేసి, బైబిల్ మీద చీటీలు పరిచి నాచేత తీయించేది. ఏది వచ్చినా మొహం చిట్లించి, "మళ్ళీ తియ్యక్కా" అనేది. దేవుడికైనా విసుగు రాదా అనిపించేది.

ఒకరోజు ఒళ్ళు మండి కసిరాను. "ఏందే నీ గోల? మూడింటికీ నర్సుల సర్వీసు ఒకటేనంట. వాళ్ళు ఎక్కడ వేస్తే అక్కడికి పోవాల. ముందు అసలు పోతావో లేదో తేల్చుకో."

ఆమె నోటుబుక్కులోంచి ఒక కాగితం చించింది. 'వెళ్ళు' అని ఒక చీటీ, 'వద్దు' అని ఒక చీటీ రాసి, ప్రార్థన చేసి నా ముందు పెట్టింది. తీశాను. 'వద్దు' వచ్చింది.

ఆమె దాన్ని నా చేతిలోంచి లాక్కుని నలిపేసింది.

"మళ్ళీ తియ్యక్కా" అంది.