టీచర్‌గారి ‘జౌ’ కార్డులు

"మన వీధి చివరింటి చైనీస్ టీచర్ పోయారట," అంది అమ్మ, గరాజ్‌లోంచి కారు రివర్స్ చేస్తూ. "పాపం, ఒక్కరే ఉండేవారు."

నేను కిటికీలోంచి చూస్తూ "ఓ" అన్నాను. ఇంకేమన్నా అంటే ఆవిడ నాకెలా తెలుసో చెప్పాల్సి వచ్చేది.

మీకు చెబుతాను. సెప్టెంబర్‌లో డిబేట్ క్లబ్ మానేశాను. లేచి నిలబడితే గొంతు వణికేది. ఇంట్లో చెప్పలేదు. క్లబ్ అయ్యే టైమ్ దాకా ఎక్కడుండాలో తెలియక ఒకరోజు ఆవిడ ఇంటి మెట్ల మీద కూర్చున్నాను. రిటైరైన టీచర్. ఎందుకు కూర్చున్నావని అడగలేదు. "ఇక్కడ కూర్చునేవాళ్ళకి పని ఉంటుంది," అని ఒక అట్టపెట్టె చేతికిచ్చారు.

పెట్టె నిండా కార్డులు, అన్నీ ఒకే చైనీస్ మాట గురించి, ఏ ఊరివాళ్ళు దాన్ని ఏ అర్థంలో వాడతారో. బీజింగ్ వైపు ‘జౌ’ అంటే నడవడం, బయల్దేరడం. దక్షిణాన కాంటనీస్ వాళ్ళు ‘జావ్’ అంటారు, పరిగెత్తడం అని. టీచర్ పుట్టిన తైవాన్ పల్లెలోనూ పరుగే. "ముందు పుట్టింది పరుగే," అనేవారు. పాత రాతలో ఆ అక్షరం చేతులూపుతున్న మనిషి, కింద ఒక పాదం. ఉత్తరాది వాళ్ళ నోట్లో అది మెల్లగా నడక అయిందట.

డిక్షనరీలు చివర్లోనే తీసేవారు. "ముందు మనిషిని అడుగుదాం." నాకోసం ఇంగ్లీషులోనే, స్పీకర్ ఫోన్‌లో స్నేహితురాలిని అడిగారు: "బస్సు వెళ్ళిపోతుంటే మీ అమ్మ నిన్నేమని తరిమేది?"

"ఇక్కడ కూర మాడుతోంది. ఎప్పుడో పోయిన మా అమ్మని ఇప్పుడెందుకు లేపుతావు?" అందావిడ.

ఒకసారి ఫోన్ నాకిచ్చి "నువ్వడుగు" అన్నారు. గొంతు వణికింది. అవతల ముసలాయన ఓపిగ్గా ఆగాడు. పెట్టేశాక టీచర్ అన్నారు, "వణికినా ప్రశ్న వినబడింది. అది చాలు." కార్డు మీద, అడిగినవారు అన్నచోట, నా పేరు రాశారు.

ఆ ఏడాది నేను నోరు తెరిచి మాట్లాడింది ఆ ఇంట్లోనే.

ఫ్యూనరల్‌కి వెళ్ళాలంటే అమ్మకి చెప్పాలి. రెండు రోజులు చెప్పలేకపోయాను. మూడో రోజు పొద్దున అడిగాను.

"అమ్మా, ఫ్యూనరల్ హోమ్‌కి డ్రాప్ చేస్తావా? చైనీస్ టీచర్‌ది."

"ఆవిడతో మనకి పరిచయమే లేదు కదే."

"నాకుంది. సెప్టెంబర్ నుంచి డిబేట్‌కి వెళ్ళట్లేదమ్మా. వాళ్ళింటికి వెళ్ళేదాన్ని."

అమ్మ స్టవ్ కట్టేసింది. "నాతో చెప్పొచ్చుగా," అంది, నా వైపు చూడకుండా.

హాల్లో అందరూ చైనీస్‌లో మాట్లాడుకుంటున్నారు. నేనెవరో ఎవరికీ తెలీదు. చివరి వరసలో కూర్చున్నాను. పక్క కుర్చీలు ఖాళీ. కాసేపటికి వెనక్కి తిరిగాను. కార్లోనే ఉంటానన్న అమ్మ, గాజు తలుపు అవతల, ఇంటి చెప్పులతోనే, లోపలికి రావచ్చో లేదో తెలియక నిలబడి ఉంది.