జుమ్మా రోజు తీసిన గోళ్ళు

శుక్రవారం పొద్దున నెయిల్ కట్టర్ టక్కుమంటే చాలు, నాకు పిలార్ గారు గుర్తొస్తారు. ఈ రోజూ అంతే. బాత్రూంలో మా అమ్మాయి సనా గోళ్ళు తీసుకుంటోంది. రేపు వాళ్ళ బడిలో తనూ నేనూ కలిసి గిటారు వాయించాలి.

హైదరాబాద్ నుంచి ఐటీ ఉద్యోగానికి నేను ఒంటరిగా జర్మనీలోని ఎష్‌బోర్న్ వచ్చిన కొత్తలో ఆవిడ మా పై అంతస్తులో ఉండేవారు. వాళ్ళ నాన్న స్పెయిన్ నుంచి ఫ్యాక్టరీ పనికి వచ్చాడట. ఆవిడ ఇక్కడే పెరిగి, గిటారు నేర్పుతూ ముసలివారయ్యారు. సాయంత్రాలు పైనుంచి వినిపించే ఆ సంగీతానికి అలవాటు పడిపోయి, అది వినపడని ఒకరోజు సిగ్గు విడిచి తలుపు తట్టాను. "చప్పుడు ఎక్కువైందా?" అని జర్మన్‌లో అడిగారు. "లేదండీ, ఆపేశారేంటని వచ్చాను" అన్నాను. నవ్వి లోపలికి రమ్మన్నారు. పేరు పెట్టి పిలవమన్నారు గానీ అంత పెద్దావిడను పిలార్ అనడానికి నాకు నోరు రాలేదు, గారు తగిలించాను.

అలా మొదలైంది నా చదువు. ఎడమ చేతి గోళ్ళు పూర్తిగా తీసెయ్యాలి, తీగలు మీటే కుడి చేతివి కాస్త పెంచి సన్నటి గరుకు కాగితంతో నున్నగా రుద్దాలి. "ఏంది భాయ్, ఒక్క చేతికే నెయిల్ పాలిషా?" అని ఆఫీసులో మావాళ్ళు ఏడిపించేవారు. వేళ్ళు నొప్పెట్టి నేను నీరసపడితే పిలార్ గారు స్పెయిన్ స్వరకర్తల కబుర్లు ఎత్తుకునేవారు. ఒకాయన పియానో కోసం రాసిన పాటలు గిటారు దగ్గరికొచ్చి అక్కడే ఇల్లు కట్టుకున్నాయట. "ఇప్పుడు అవి పియానోవంటే ఎవరూ నమ్మరు. నువ్వూ అంతే, కొన్నాళ్ళు ఓపిక పట్టు" అనేవారు. ఆ మాట నాకు అన్నం పెట్టినంత పని చేసేది.

ఆవిడ పాఠాలు మానేసి స్పెయిన్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయే ముందు శిష్యులతో ఒక కచేరీ పెట్టారు. ఆఖరి అంశం మా ఇద్దరిదీ, ఆ పియానో పాటల్లో ఒకటి రెండు గిటార్ల మీద. ఈ దేశంలో నన్నెవరైనా ఏరికోరి పిలవడం అదే మొదటిసారి. నిద్రలో కూడా వేళ్ళు ఆడించేవాణ్ణి.

కచేరీ ఒక శుక్రవారం సాయంత్రం. మధ్యాహ్నం కంగారులో ఉండగా ఫోన్‌లో అమ్మీ, "జుమ్మాకు టైమైతుంది బేటా, గోళ్ళు తీసుకున్నవా?" అంది. చిన్నప్పటి నుంచి ప్రతి శుక్రవారం నమాజుకు ముందు, కుడి చూపుడువేలితో మొదలుపెట్టి గోళ్ళు తియ్యడం మా ఇంటి అలవాటు. గిటారు మొదలుపెట్టాక ఎడమ చేతివి మాత్రమే తీస్తున్నాను, ఆ కంగారులో అది మర్చిపోయాను. అమ్మీతో మాట్లాడుతూనే కానిచ్చేశాను. కుడి చెయ్యి బోసిపోయాక గానీ బుర్ర పనిచేయలేదు.

నమాజు నుంచి రాగానే కట్టర్ చేతిలో పట్టుకుని దొంగలా మేడెక్కాను. "ఇంకెవరితోనైనా వాయించండి" అన్నాను. సంగతంతా విని ఆవిడ నా వేళ్ళు పట్టుకుని చూశారు.

"మా స్పెయిన్‌లో ఒక గొప్ప స్వరకర్త చివరి రోజుల్లో గోళ్ళు తీసేసి ఉత్త వేలికొసలతోనే వాయించాడు. శబ్దం చిన్నదవుతుంది, మెత్తనవుతుంది. తప్పేం లేదు."

"మీది గట్టిగా, నాది మెత్తగా ఉంటే ఎలా కలుస్తాయండీ?"

ఆవిడ చెయ్యి చాపారు. "ఆ కట్టర్ ఇటు ఇవ్వు."

ఆవిడ ఏళ్ళ తరబడి పసిబిడ్డల్లా సాకిన గోళ్ళు అవి. నేను వద్దంటున్నా వినకుండా తన గోళ్ళు ఒక్కొక్కటే తీసేశారు. నాకు ఏడుపొచ్చింది. "పెరుగుతాయిలే. ముందు గిటారు తియ్యి, వేళ్ళు అలవాటు పడాలి" అన్నారు.

ఆ సాయంత్రం మా శబ్దం ఎంత చిన్నదంటే, వెనకవాళ్ళు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. మధ్యలో నేను తడబడితే ఆవిడ నాకోసం ఆగి, మళ్ళీ నాతో కలిశారు. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు.

ఇంతలో సనా బాత్రూంలోంచి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. కుడి చెయ్యి నా ముందు పెట్టి, "పప్పా, ఆలే వెక్" అంది జర్మన్‌లో. అన్నీ పోయాయి అని.

నేను నా కుడి చేతి గోళ్ళ వంక ఒకసారి చూసుకున్నాను. నిన్ననే నున్నగా రుద్దుకున్నాను.

"ఆ కట్టర్ ఇటు ఇవ్వు బేటా" అన్నాను.