ముందు అటువైపు ఆడవాళ్ల చేతులు

మోత్కూర్ చుట్టుపక్కల పది ఊళ్లలో ఏ పిల్ల మణికట్టు ఎంత లావో ఇక్బాల్ బీకి చూడకుండానే తెలుసు. ముఖాలు మరిచిపోయేది గానీ చేతులు మరిచేది కాదు. భుజాన గాజుల మలారం, నెత్తిన గంప, నోట్లో ఆకువక్క. ఆమె వాకిట్లో కూర్చుంటే కోడళ్లు మురిసేవారు, అత్తలు జంకేవారు.

పెళ్లింట గాజులకు ఒక పద్ధతి ఉంది. పెళ్లికూతురుతో పాటు ఇరువైపుల ఆడవాళ్లూ చేతులు చాపాలి. తొడుగుతున్నంతసేపూ గాజులామె నోట కీడు మాట రాకూడదు. ఆ కీడు మాట భయమే ఒక పిల్ల కొంప ముంచింది.

ఎనభై అయిదు ఎండాకాలం. జానయ్య కూతురు నర్సింగమ్మకు పదహారేళ్లు. పిల్లవాడికి బొంబాయిలో మిల్లు పని అన్నారు, ఏమీ పెట్టనక్కర్లేదన్నారు, మూడు రోజుల్లో లగ్గం అన్నారు. అటువైపు నుంచి వచ్చినవారు నలుగురూ మగవాళ్లే. తొడగాల్సిన చేయి ఒక్కటీ లేదు. ఇదేమిటని అడగబోయి, శుభమా అని జరుగుతుంటే నాకెందుకని ఇక్బాల్ బీ మింగేసింది. ఊరందరినీ కడిగిపారేసే నోరు, అవసరమైన ఆ ఒక్కనాడు మూసుకుంది.

మొగుడన్నవాడు బొంబాయి చేరగానే నర్సింగమ్మను ఒళ్లమ్మించే కొంపకు అమ్మేశాడు. ఏడేళ్లకు పోలీసులు విడిపించి తెచ్చారు. ఆమె వస్తే బోరింగు దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకున్నారు, అమ్మినవాడు మంచివాడైనట్టు. తల్లి అమృతమ్మ ఆమెను అర్రలో కూర్చోబెట్టి తలుపు దగ్గరికేసింది.

ఇక్బాల్ బీ ఆ తలుపు తోసుకుని లోపలికి పోయింది. అలవాటు కొద్దీ చేయి పట్టుకుంది.

"పట్టుకోకు!" నర్సింగమ్మ కేక పెట్టి గుంజుకుంది. డజను గాజులు బండల మీద పగిలాయి.

ఇక్బాల్ బీ ముక్కలు ఏరుకుంటూ అంది: "తప్పు నాది బిడ్డా. గా దినం చూసిన, అడగలే."

నర్సింగమ్మ కాలి దగ్గరి ముక్కను ఆమె వైపు జరిపింది. "అడిగితే మా బాపు ఇనేటోడా?"

"ఇనకపోయినా అడగాలె."

ఆ తర్వాత ప్రతి బేస్తవారం వచ్చేది. చేయి మాత్రం అడగలేదు. గాజులు కుప్ప పోసి, "కండ్లు కనిపిస్తలెవ్వు బిడ్డా, జర సైజులు ఏరిపెట్టు" అనేది. పచ్చి అబద్ధం. ఆ కళ్లకు గోడమీది చీమ కూడా కనిపించేది. మూడు నెలలకు నర్సింగమ్మ మలారం భుజానేసుకుని ఆమె వెంట నడిచింది. దారిలో లారీ హారన్ కొడితే నర్సింగమ్మ ఉన్నచోటే కూలబడేది. ఇక్బాల్ బీ అక్కడే గంప దించి కూర్చునేది. ఎంతసేపైనా, లేవమని అనేది కాదు.

"ఏం బీబమ్మా, గసొంటిదాన్ని ఎంబడేసుకొని తిరుగుతున్నవ్?" అన్నాడు ఒకనాడు హోటల్ ముందు చాయ్ తాగుతున్న లచ్చయ్య.

"నిన్ను ఎంబడేసుకుంటే చాయ్ కప్పు తప్ప ఏం మోస్తవురా?"

తొంభై మూడులో పక్క ఊరి బక్కయ్య కూతురు మైసమ్మకు పెళ్లి కుదిరింది. పిల్లకు పదిహేనేళ్లు. ఈసారి సూరత్ మిల్లు. వచ్చినవారు ముగ్గురూ మగవాళ్లే. తెల్లారితే లగ్గం, సాయంత్రానికి రైలు.

ఇక్బాల్ బీ చాప మీద కూర్చుంది గానీ గంప మీది గుడ్డ తీయలేదు.

"ముందు అటుదిక్కు ఆడోళ్ల చేతులు రానీ."

"దూరం గదా, రాలేదు" అన్నాడు పెళ్లికొడుకు మామనని చెప్పుకున్న మనిషి.

"తల్లి?"

"సచ్చిపోయింది."

"అక్కచెల్లెండ్లు?"

"లేరు."

"మేనత్త? చిన్నమ్మ? మొగులు మీదికెల్లి ఊడిపడ్డడా మీ పిలగాడు?"

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. బక్కయ్య మండిపడ్డాడు. "లగ్గం ఇంట్ల గివేం మాటలు! తొడుగుతవా, పోతవా?"

"తొడగ. గీ ఊళ్లల్ల గాజులు తొడిగేది నేనూ మా ఆడబిడ్డలే. వాళ్లూ తొడగరు. ఉత్త చేతులతో పందిట్ల ఎట్ల కూసుండబెడతవో నేనూ చూస్త."

అప్పుడు వెనకనున్న నర్సింగమ్మ మలారం దించి ముందుకొచ్చింది. తిరిగొచ్చాక నలుగురిలో ఆమె మాట్లాడడం అదే మొదలు.

"మా ఇంటికీ మొగోళ్లే వచ్చిన్రు. రైలు దిగినంక మొగుడు నా చెయ్యి ఇడిసిండు, ఇంకోడు పట్టుకున్నడు." ఆమె పెళ్లిపిల్ల వైపు తిరిగింది. "నన్నెవ్వలూ అడగలే మైసమ్మా. నేను నిన్ను అడుగుతున్న. ఈళ్ల ఇల్లు ఎవలన్న చూసిన్రా?"

మైసమ్మ తండ్రి వైపు చూసింది. బక్కయ్య ఆ మామ వైపు చూశాడు.

"రేపు మా వదినెను తోలుకొస్తం" అని ముగ్గురూ బస్టాండు దారి పట్టారు. ఆ వదినె ఇప్పటికీ రాలేదు. బక్కయ్య వారం రోజులు ఇక్బాల్ బీని తిట్టి తిట్టి అలిసిపోయాడు. మంచి పని చేశావన్నవాడు ఒక్కడూ లేడు. ఆమె ఆ మాట కోసం ఆగనూ లేదు, మర్నాడే మరో ఊరు పోయింది. ఇక సంబంధం మాట వినబడితే చాలు, ఆ ఊళ్ల తల్లులే అడగడం మొదలుపెట్టారు: అటువైపు ఆడవాళ్లు ఎవరు, ఏ ఊరు, ఎవరు పోయి చూసొచ్చారు?

నర్సింగమ్మ ఇప్పటికీ తన చేయి ఎవరికీ ఇవ్వదు. ఇక్బాల్ బీ అడగదు. మైసమ్మ లగ్గం ఆగిన తర్వాత వచ్చిన ఉగాదికి మాత్రం, కుప్పలోంచి ఆకుపచ్చ గాజులు తానే ఏరుకుని, వేళ్లు దగ్గరగా ముడిచి, ఒక్కొక్కటే తానే ఎక్కించుకుంది. ఒక్కటీ పగల్లేదు.