ఎర్ర మిక్సీ మీద అత్తగారి మాట

ఆ ఎర్ర మిక్సీ మీద ఒక చెయ్యి వేసినవాళ్ళు రెండో చేత్తో ఫోను తీసేవాళ్ళు. బొటనవేలితో పైకి తోసుకుంటూ చదివి, ఒకచోట ఆగేవాళ్ళు. "మళ్ళీ వస్తామండీ" అని మెట్లు దిగేవాళ్ళు. ఆ మళ్ళీ ఎప్పటికీ రాదని షాపతనికి తెలుసు.

వాళ్ళు ఆగేచోట ఏముందో కూడా తెలుసు. 'మూత దగ్గర కారుతుంది. గట్టు తుడుచుకునే ఓపికుంటే కొనండి.' కొన్నవాళ్ళ అభిప్రాయాల్లో ఆ మాట రాసింది స్వయానా అతని అత్తగారు.

బట్టల ఫ్యాక్టరీలో కుట్లు పరీక్షించి రిటైరైన మనిషి ఆవిడ. ఇప్పుడు ఏ వస్తువు కొన్నా అలాగే తిరగేసి చూస్తుంది. నెల వాడందే ఫోన్లో అక్షరం ముక్క రాయదు. ఒక కంపెనీవాళ్ళు ఊరికే కుక్కర్ పంపుతామంటే, "నా నోరు కుక్కర్ మూత కాదు నాయనా, మీరు బిగించడానికి" అంది.

అతను ఉన్నదంతా ఊడ్చి ఆ మోడలే ఎక్కువగా తెప్పించాడు. అవి కదలకపోతే షాపు మూసి, పాత యజమాని దగ్గర మళ్ళీ జీతానికి చేరాలి. ఆదివారం అత్తగారింట్లో టీ చల్లారేదాకా నసిగి, చివరికి అడిగాడు.

"ఆ ఒక్కటి తీసేయకూడదా అత్తయ్యా? ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలాయి నాకు."

"మీకు మీసాలెక్కడివి?" లోపల్నుంచి భార్య.

"కారడం మానేసిందా బాబూ?" అంది అత్తగారు.

"లేదనుకోండి..."

"మీ దగ్గర కొన్నవాళ్ళకి మీ మొహం తెలుసు. రేపు పోట్లాడ్డానికైనా వస్తారు. ఫోన్లో చదివేవాళ్ళకి నా మాట తప్ప ఇంకేం తెలుసు? అదీ పాడుచేసుకోమంటారా?"

మొహం మాడ్చుకుని లేచాడు. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి పిలిచింది. "ఇంకొకటి పట్రండి. డబ్బిచ్చి కొంటాను."

అతను తెచ్చిన మిక్సీ మూత ఆవిడ విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగు కాగితంలా పల్చగా ఉంది. అతను మందం రింగులు తెచ్చాడు. రెండు పనికిరాలేదు. మూడోది అతికినట్టు సరిపోయింది.

"హమ్మయ్య! ఇవాళే రాసేయండి."

"నెల వాడనీండి."

ఆ నెలంతా షాపులో మిక్సీలూ, ఇంట్లో అతనూ ఒకేలా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. బేరాల్లేని మధ్యాహ్నాలు ఆవిడ పాత రాతలన్నీ తీసి చదివాడు. ఇస్త్రీ పెట్టె, గొడుగు, చెప్పులు. కోపంతో రాసింది ఒక్కటీ లేదు, మొహమాటంతో పొగిడిందీ లేదు. కింద ముక్కూ మొహం తెలియనివాళ్ళు 'అమ్మా, బతికించారు' అని రాసుకున్నారు. పోట్లాడదామని వెతికినవాడికి పట్టుకోవడానికి ఒక్క తప్పూ దొరకలేదు. చివరికి చదవడమే పనైంది.

ఒకరోజు ఒక జంట వచ్చింది. భార్య ఫోను తీసి పైకే చదివింది.

"'మందం రింగు వేస్తే కారడం లేదు. నెల వాడాను. రింగు మార్చి ఇచ్చే షాపులోనే కొనండి. మా అల్లుడి షాపులో ఇవి చాలా మిగిలిపోయాయి. అందుకే ఇలా రాశానని అనుమానముంటే, ఎదురుగా నీళ్ళు పోయించి తిప్పించండి.'"

భర్త పకపకా నవ్వాడు. "అల్లుణ్ణి కూడా వదల్లేదే! ఎవడో పాపం."

"నేనేనండి" అన్నాడు షాపతను. చెవులు వేడెక్కాయి కానీ, ఆ మాట చెప్పుకోవడం బాగానే ఉంది. మూతకి మందం రింగు తొడిగి, జార్లో నీళ్ళు పోసి స్విచ్ వేశాడు. ముగ్గురూ బల్ల మీదికి వంగి చూశారు.

ఆమె మూత చుట్టూ వేలితో తడిమింది. వేలు పొడిగానే ఉంది.

"ప్యాక్ చెయ్యండి" అంది. "నెల పోయాక నేనూ రాస్తాను."