మూడు బొక్కలు, మూడు బొట్లు

మా కాలేజీలో రాకెట్ టీము పుట్టిందే కుళ్ళుతో. తిరుపతిలో బస్సెక్కితే రెండు మూడు గంటల్లో శ్రీహరికోట. ఆడుండే వాళ్ళు చంద్రుడి దాకా రాకెట్లు పంపిస్తా ఉంటే మనం కిలోమీటరన్నా పంపలేమా అని మా కెప్టెనుకు రోషమొచ్చింది. రోషమైతే వచ్చింది గానీ లెక్కలు రాలేదు. లెక్కలన్నీ నగరి నించి వచ్చే ఒక పిల్ల చేసింది.

ఆ పిల్లది మగ్గాల ఇల్లు. పవర్‌లూమ్ చప్పుడులో పెరిగింది కాబట్టి మామూలుగా మాట్లాడినా కొట్లాడినట్టే ఉంటాది. రాకెట్లో ఎలక్ట్రానిక్స్ అంతా ఆమెదే. పైకి పోయే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గేది కనిపెట్టి, ఇంక పైకి పోయేది లేదన్నప్పుడు పారాచూట్‌ను బయటికి తన్నే సర్క్యూట్ అది. పారాచూట్ అంచులు కుట్టింది వాళ్ళ నాయన. "చీర గాదు, దుప్పటి గాదు, నడిమధ్యలో బొక్క పెట్టమంటా ఉండావు, ఏందమ్మా ఇది?" అని ఆయన తల పట్టుకున్నాడంట. కుట్టు మాత్రం ఒక్క పోగు తప్పలేదు.

మిగతా వాళ్ళ సంగతి అడగొద్దు. కెప్టెను నోరు తెరిస్తే 'విజన్' అంటాడు, స్పానర్ అందుకోరా అంటే మాత్రం ఫోనొచ్చిందని బయటికి పోతాడు. మా సారు ఇరవై ఏండ్లుగా నీళ్ళ పంపుల మీద పాఠం చెప్పే మనిషి, ఫోటో ఉంటే తప్ప రాకెట్ దగ్గరికి రాడు. ఇంక నేను. టీషర్టు వీపు మీద 'స్ట్రక్చర్స్ లీడ్' అని రాయించుకున్నాను. నాలుగు నెల్లు నేను చేసిన ఘనకార్యం రాకెట్ రెక్కలకు ఉప్పుకాయితం రుద్దడం.

పోటీ వేరే రాష్ట్రంలో. టీముకు ఆరుమందినే రానిస్తారు. సారు ఒక మాట చెప్పేసినాడు, "టెస్టులో ఎవురి పని సరిగ్గా జరిగితే వాళ్ళకే సీటు." ఆ మాట మా అందరికంటే గట్టిగా పట్టుకునింది ఆ పిల్లే. పోటీకొచ్చే పెద్ద ఇంజినీర్ల ముందర తన సర్క్యూట్ పెట్టి, నేరుగా ఉద్యోగం అడగాలని ఆమె పట్టు. "పారాచూట్ విచ్చుకుంటే నేను పోతా సామీ, సూస్తా ఉండు," అనేది నాతో. మాది గుడి సేవలో ఉండే వైష్ణవుల ఇల్లు, అందుకని నన్ను సామీ అని ఎగతాళి చేసేది.

టెస్టు చంద్రగిరి దాటినాక, చెనిక్కాయ పంట పెరికేసిన చేనులో. ఎండ అప్పుడే మాడ్చేస్తా ఉండాది. రాకెట్ నిలబెట్టినాక సారుకు పూజ గుర్తొచ్చింది. కొండ కింద ఊర్లో పూజ చెయ్యకుండా కొత్త స్కూటరే తియ్యరు, రాకెట్ తీస్తారా? పని నాకు ఒప్పజెప్పినారు. నిజం చెప్తా, నాలుగు నెలల్లో నాకు తెలిసిన పని నాకు దొరికింది అదొక్కటే.

ఒళ్ళు మరిచి చేసినాను. రెక్కల కింద నిమ్మకాయలు, ముక్కుకు నామం. అంతలో రాకెట్ నడుము కాడ మూడు బొక్కలు కనపడినాయి. చుట్టూ సమానమైన ఎడంలో, పెసరగింజంత, గుండ్రంగా. గడపకు, బీరువాకు, గ్రైండరుకు బొట్లు పెట్టి అలవాటైన చెయ్యి నాది. ఈడ పెట్టరా నాయినా అని గుర్తు గీసినట్టే అనిపించినాయి. మందంగా గంధం మెత్తి, దాని మీద కుంకుమ అద్దినాను. ఆ పిల్ల అప్పుడు దూరంగా రాకెట్ వదిలే స్విచ్చి కాడ వైర్లు కలుపుకుంటా ఉండాది. "భలే పెట్టినావప్పా, ముత్తైదువ మాదిరి ఉండాది!" అని సారు మురిసిపోయి రాకెట్ పక్కన నిలబడి ఫోటో దిగినాడు. అంతలోకి గంధం ఎండకు పెళ్ళలు కట్టేసింది.

ఎగిరింది. అబ్బా, ఎట్ల ఎగిరింది! కెప్టెను సారును కౌగిలించుకున్నాడు. మేమందరం ఈలలు. ఆ పిల్ల ఒక్కతే తలెత్తి, "విచ్చుకో, విచ్చుకో," అంటా ఉండాది. పారాచూట్ విచ్చుకోలేదు. రాకెట్ ముక్కు కిందికి తిప్పుకోని నేరుగా వచ్చి, గడ్డపార దిగినట్టు చేనులో దిగబడింది. దుమ్ము అణగక ముందే కెప్టెను తీర్పు చెప్పేసినాడు, "ఎలక్ట్రానిక్స్ ఫెయిల్." సారు తల ఊపినాడు.

తవ్వి తీసినాము. అందరూ నీడలోకి పోయినాక ఆ పిల్ల సర్క్యూట్‌ను లాప్‌టాప్‌కు తగిలించింది. గ్రాఫు అడ్డగీత మాదిరి చదునుగా ఉండాది. "దీని లెక్కన రాకెట్ నేల ఇడిసిపెట్టనే లేదు సామీ," అనింది. సర్క్యూట్ కొలిచే బయటి గాలి ఒత్తిడి లోపలికి చేరేది ఆ మూడు బొక్కల్లోనించే. పిన్నీసుతో ఒకదాన్ని గీకింది, రాలిన పెళ్ళ నా ముక్కు కాడ పెట్టింది. "ఇది మట్టి గాదు. వాసన సూడు."

చూసినాను. మా ఇంటి పూజగది వాసన.

తిడతాదనుకున్నాను. తిట్టినా బాగుండేది. పెళ్ళను పిన్నీసుల డబ్బాలో వేసుకోని, "పూజ చేసేవాళ్ళకు కూడా మాన్యువల్ రాయాలని నాకు తెలీలేదు," అని లేసి పోయింది.

నాకు సిగ్గుతో నిద్ర పట్టలేదు. మర్నాడు వీరుడి మాదిరి సారు రూముకు పోయి, "తప్పు నాది సార్, ఆ బొక్కలకు గంధం పూసింది నేనే," అని చెప్పేసినాను. సారు మొదట నవ్వినాడు. తర్వాత కండ్లెర్ర చేసినాడు. "పూజ చేస్తే రాకెట్ పడిందంటావా? అట్లాంటి ఇంట్లో పుట్టి ఆ మాట ఎట్లొచ్చిందప్పా నీ నోట్లో?" ఆ పిల్ల తప్పేమీ లేదు సార్ అని గొణిగినాను. ఆయనకు ఉన్నట్టుండి నా మీద జాలి పుట్టింది. "ఆడపిల్ల మీద మాట రాకూడదని నీ మీద ఏసుకుంటా ఉండావు. మంచి మనసు. ఆ పిల్ల సీటులో నువ్వే పో," అన్నాడు. రిపోర్టులో 'సర్క్యూట్ లోపం' అని రాసి సంతకం పెట్టేసినాడు.

పోయినాను. పోనని ఒక్కసారన్నా అనలేదు. కొత్త రాకెట్లో పెట్టింది ఆమె సర్క్యూటే, ఇంకోటి చేసేవాడు మాలో ఎవుడూ లేడు. పైకి పోయింది, సరిగ్గా పోవాల్సినంత పోయినాక వాళ్ళ నాయన కుట్టిన పారాచూట్ విచ్చుకునింది. ఒక పెద్ద ఇంజినీరు వచ్చి, ఈ సర్క్యూట్ ఎవరిది అని అడిగినాడు. కెప్టెను 'టీమ్ వర్క్' అన్నాడు. నేను పక్కనే ఉండాను.

తిరిగొచ్చినాక ల్యాబులో ఆమె కనపడింది. "సారుకు నేను అంతా చెప్పినానమ్మే, ఆయన నమ్మలేదు," అన్నాను, ఒక మెప్పు మాట కోసం ఎదురు చూస్తా.

"చెప్పినావు, సంతోషం. సారు కాడికి పోయేటప్పుడు నన్ను ఎందుకు పిలవలేదు?" అనింది.

గ్రాఫు ఆమె లాప్‌టాప్‌లో ఉండాది, గంధం పెళ్ళ ఆమె డబ్బాలో ఉండాది. ఆ రెండూ లేకుండా నేనొక్కణ్ణే పోయి సారు తలుపు తట్టినాను.