లియాంగ్ మూడోసారి రాసిన పరీక్ష

కోరుట్ల దగ్గరి పల్లె నుంచి వచ్చిన నర్సింలు పదకొండేళ్లుగా సౌదీలోని జుబైల్‌లో పరంజాలు కడుతున్నాడు. పదో తరగతి తెలుగు మీడియంలో తప్పినవాడు. అయినా సైటులో విని విని ఇంగ్లీషు పట్టుబడింది. సేఫ్టీ బోర్డుల మీద ఏం రాశారో చదివి తోటివాళ్లకు చెప్పేవాడు. 2018లో ఆ ఇంగ్లీషే అతని మెడకు చుట్టుకుంది.

అతని సూపర్‌వైజర్ లియాంగ్ చైనావాడు. యాభై రెండేళ్ల మనిషి. ఏ పైపు ఎక్కడ బిగించాలో కళ్లు మూసుకుని చెప్పగలడు. కానీ ప్లాంటు లోపల పని మొదలుపెట్టాలంటే రోజూ ఒక అనుమతి కాగితం తీసుకోవాలి. దాన్ని తీసుకునే పర్మిట్ రిసీవర్ ఇంగ్లీషు పరీక్ష పాసై ఉండాలి. లియాంగ్ ఒకసారి రాసి తప్పాడు. ఆ ఏడే విదేశీ కార్మికుల మీద కంపెనీ ప్రభుత్వానికి కట్టే లెవీ పెరిగింది. పర్మిట్ రిసీవర్ లేని గ్యాంగులను కంపెనీ ఒక్కొక్కటిగా ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతోంది.

ఆఫీసులో గుమాస్తాగా ఉన్న కడప బాబ్జాన్ ఒకరోజు నర్సింలును పిలిచాడు.

"మేనేజర్ చెప్పినాడన్నా. మీ చైనా సార్‌కు నువ్వే ఇంగ్లీష్ ప్రాక్టీస్ చేయించాలంట. ఆయప్ప పాసయితే మీ పన్నెండు మందీ ఉంటారు."

"గా పరీక్షేదో నన్నే రాయమను తమ్మీ. పాసయి చూపిస్త."

"నీ ఇకామా కార్డులో ప్రొఫెషన్ ఆమిల్ అని ఉండాది. లేబర్‌కు ఆ పరీక్ష రాసేదానికి లేదు."

మరునాటి నుంచి డ్యూటీ దిగాక, మెస్‌లో అన్నం వడ్డించేలోపు, ఇద్దరూ ఒక మూల టేబుల్ దగ్గర కూర్చునేవారు. లియాంగ్ పుస్తకంలో ప్రతి ఇంగ్లీషు మాట మీదా సన్నగా చైనా అక్షరాలు ఉండేవి. ఒక్కో మాటకు అర్థం అడిగితే చెప్పేవాడు. మాటలన్నీ కలిసి వాక్యమయ్యేసరికి తెల్లమొహం వేసేవాడు.

"యెస్టర్‌డే ఐ గో," అనేవాడు లియాంగ్.

"గో కాదు, వెంట్," అని దిద్దేవాడు నర్సింలు.

"యెస్టర్‌డే ఆల్రెడీ సే. వై చేంజ్ గో?"

చైనా భాషలో నిన్న అంటే చాలట, క్రియ మారదట. మారాలని నర్సింలుకు తెలుసు. ఎందుకు మారాలో తెలియదు. క్యాంపు క్లినిక్‌లో నర్సు రూబీని కూడా లియాంగ్ 'హీ' అనేవాడు, వాళ్ల మాటలో అతను, ఆమె రెండూ ఒకేలా పలుకుతారు కాబట్టి. ఇక 'ఎ', 'ది' ఎక్కడ పెట్టాలో పంతులుకే అంతంత మాత్రం.

"నాకే రాంది నీకెట్ల చెప్పాలె," అని నర్సింలు తెలుగులో గొణిగేవాడు. లియాంగ్ తన భాషలో ఏదో గొణిగేవాడు. ఇద్దరూ తిట్టుకుంటున్నారని పక్క టేబుల్ పాకిస్తానీలకు తెలిసిపోయేది.

అన్నిటికన్నా కష్టం పేరా చదివి కింది ప్రశ్నలకు జవాబు గుర్తించడం. ఒకరోజు ట్యాంకులోకి దిగడం గురించిన పేరా వచ్చింది. అందులో ఒక వాక్యం: 'వర్క్ షల్ బిగిన్ నో లేటర్ దాన్ థర్టీ మినిట్స్ ఆఫ్టర్ ద గ్యాస్ టెస్ట్.' ముప్పై నిమిషాల లోపు దిగాలి అన్న జవాబు మీద లియాంగ్ టిక్కు పెట్టాడు.

నర్సింలు ఒప్పుకోలేదు. లేటర్ అంటే తర్వాత, ఆఫ్టర్ అన్నా తర్వాతే, కాబట్టి ముప్పై నిమిషాలు ఆగి దిగాలన్నాడు.

లియాంగ్ తల అడ్డంగా ఊపాడు. "గ్యాస్ టెస్ట్ ఓల్డ్, నో గుడ్. ఇన్‌సైడ్ థర్టీ మినిట్, గో."

"దట్ వర్క్. దిస్ ఇంగ్లీష్. బుక్ ఈజ్ బుక్."

లియాంగ్ చాలాసేపు ఆ పేజీనే చూశాడు. చివరికి తన టిక్కు కొట్టేసి, నర్సింలు చెప్పినదానికి పెట్టాడు.

రెండోసారి పరీక్షలో ఒక్క మార్కు తక్కువైంది. తప్పిన ప్రశ్నల చీటీ ఇస్తే, ముగ్గురూ తిరిగి వచ్చే దారిలో బాబ్జాన్ పికప్ ఆపి దాన్ని చదివాడు.

"నో లేటర్ దాన్ అంటే అంతకన్నా లేట్ కాగూడదని. ముప్పై నిమిషాల్లోపలే. అంత అనుభవమున్న మనిషి, ఇదెట్ల తప్పు రాసినాడన్నా?"

వాళ్లు తెలుగులో మాట్లాడుకుంటున్నారు కాబట్టి లియాంగ్‌కు అర్థం కాలేదు. నర్సింలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తప్పు తనదని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. లియాంగ్ మామూలుగానే పుస్తకం పట్టుకుని వచ్చేవాడు. మూడోరోజు చెప్పేశాడు.

"మిస్టర్ లియాంగ్, థర్టీ మినిట్స్... యూ కరెక్ట్. ఐ రాంగ్."

లియాంగ్ పుస్తకం మూసి లేచి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. సైటులో చేతి సైగలతోనే పని చెప్పాడు. సంగతి గ్యాంగుకు పాకింది. "నీ పంతులు పని సల్లగుండ, మమ్ముల ఇంటికి తోల్తవా?" అని వాళ్లలో భోజన్న అందరి ముందూ అడిగాడు.

అయిదోరోజు లియాంగ్ వచ్చి అదే పేజీ తీశాడు. "ఫస్ట్ ఐ సే. ఆఫ్టర్, యూ సే. నాట్ సేమ్, ఆస్క్ బాబ్జాన్," అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరి జవాబులూ కలవకపోతే బాబ్జాన్‌కు ఫోన్ చేసేవారు. దినమ్మూ మీ గ్రామర్ గోలేనా అని అతను విసుక్కుంటూనే చెప్పేవాడు. అలా రెండు నెలలు గడిచాయి.

మూడోసారి లియాంగ్ పాసయ్యాడు. నవ్వలేదు. సర్టిఫికెట్ తెచ్చి నర్సింలు చేతికిచ్చి, చదవమన్నట్టు ఎదురుగా నిలబడ్డాడు.

ఆ వారంలోనే బాబ్జాన్ మళ్లీ పిలిచాడు. సౌదీవాళ్ల సంఖ్య సరిపోక కంపెనీ, ఎంతమంది స్థానికులున్నారో చూసి ప్రభుత్వం రంగులిచ్చే నితాఖాత్‌లో పచ్చ నుంచి పసుపుకు పడిపోయింది. అలా ఉంటే ఇకామాలు రెన్యువల్ చేయడం కష్టం. అందుకని పర్మిట్ రిసీవర్ పోస్టులన్నీ సౌదీవాళ్లకే ఇవ్వాలని మేనేజర్ నిర్ణయించాడు. లియాంగ్‌ను యాన్బులోని సైటుకు పంపుతున్నారు. గ్యాంగులో అయిదుగురికి ఎగ్జిట్, అందులో భోజన్న ఒకడు.

"పాసయితే అందర్ని ఉంచుతమంటిరి గదా?"

"అప్పుడన్నది లెవీ కోసమన్నా. ఇది నితాఖాత్. రెండూ వేరే."

"రెండిట్ల పోయేది మేమే గద తమ్మీ."

ఆ మాట లియాంగ్‌కు చెప్పాల్సింది నర్సింలే. మెస్‌లో ఎదురుగా కూర్చుని వాక్యం కూర్చుకోబోయాడు, కుదరలేదు. "జాబ్ ఫినిష్," అన్నాడు.

"హూ ఫినిష్? మీ? యూ?"

"పర్మిట్ జాబ్ ఫినిష్. యూ, యాన్బు. ఫైవ్ మెన్, ఎగ్జిట్."

లియాంగ్ టేబుల్ మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. గ్లాసు పడి నీళ్లు పుస్తకం మీదికి పారాయి. కాసేపటికి అతనే చొక్కా చేతితో వాటిని తుడిచాడు. "త్రీ టైమ్," అన్నాడు.

శనివారం పొద్దున లియాంగ్ యాన్బు బస్సెక్కాడు. నర్సింలు మిగిలిన ఆరుగురితో సైటుకు వెళ్లాడు. కొత్తగా వచ్చిన సౌదీ పర్మిట్ రిసీవర్ మర్యాదస్తుడే, కానీ పని కొత్త. అనుమతి కాగితంలో ఒక గడి వదిలేస్తే ప్లాంటువాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. రెండోసారి తిరిగొచ్చిన కాగితం చూడగానే ఏ గడి నింపాలో నర్సింలుకు తెలిసింది. వేలు పెట్టి చూపించాడు. మూడోసారి కాగితం వచ్చేసరికి పది దాటింది. అప్పటిదాకా ఏడుగురూ కంటైనర్ నీడలో హెల్మెట్లు తీసి కూర్చున్నారు.